పాల లెక్కల పుస్తకంలో రసాయనశాస్త్రం

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన మా మేనల్లుడు ఐదు రోజులపాటు పుస్తకాల సంచీ తెరవలేదు. వాడు ఈ సంవత్సరమే పదో తరగతి పూర్తిచేసి గుంటూరు దగ్గర ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియట్ ఎంపీసీలో చేరాడు. ఆరో రోజు సాయంత్రం, తెల్లవారితే తిరిగి వెళ్లాలనగా, కడుపులో నొప్పిగా ఉందన్నాడు. మా చెల్లెలు కంగారుపడి అద్దంకి తీసుకువెళ్లి డాక్టరుకు చూపించింది. రక్తపరీక్ష చేశారు, స్కానింగు తీశారు, ఏమీ లేదన్నారు. ఆ మాట విని ఇంట్లో అందరూ తెరిపిన పడ్డారు గానీ, వాడి ముఖం మాత్రం ఇంకాస్త వాడిపోయింది. ఏదో ఒక జబ్బు బయటపడితే మరో నాలుగు రోజులు ఇంట్లో ఉండవచ్చని వాడు ఆశపడ్డాడని నాకు అప్పుడే తెలిసింది.

అది నాకు తెలియడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ల క్రితం నాకు కూడా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి అలాంటి నొప్పే వచ్చేది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. 2004లో పదో తరగతిలో 600 మార్కులకు 521 వచ్చాయి. మా ఊళ్లో ఆ ఏడాదికి అదే మొదటి స్థానం. మా నాన్న ఆ సంవత్సరం పొగాకు అమ్మిన డబ్బు ఇంటికి కూడా తీసుకురాకుండా, వేలం కేంద్రం నుంచి నేరుగా విజయవాడ శివార్లలోని ఒక కళాశాలకు వెళ్లి నా ఫీజు కట్టారు. అక్కడ మొదటి వారాంతపు పరీక్ష తర్వాత వరండా గోడకు అంటించిన ర్యాంకు షీటులో నా పేరు కోసం పైనుంచి వెతకడం మొదలుపెట్టాను. అరవై మంది ఉన్న సెక్షన్‌లో నా పేరు యాభై ఎనిమిదో వరుసలో కనిపించింది. నెలలోపే ర్యాంకులను బట్టి సెక్షన్లు మార్చారు. దాన్ని షఫ్లింగ్ అనేవారు. పరుపు చుట్టుకుని, ట్రంకుపెట్టె ఎత్తుకుని, చివరి సెక్షన్ వాళ్లు ఉండే అంతస్తుకు మారవలసి వచ్చింది. కొత్త గదిలో మాట్లాడుకున్న తొలి మాటలన్నీ ఎవరెవరు ఏ సెక్షన్ నుంచి దిగారన్న దాని గురించే.

అసలు నాకు ఏమి రాలేదో అప్పట్లో నాకే తెలియదు. గణితం పాఠంలో లెక్చరరు గారు ఇంగ్లీషులో లోకస్, లోకస్ అంటుంటే అది నేనెన్నడూ వినని కొత్త శాస్త్రమేమోననుకుని రెండు వారాలు భయపడ్డాను. వెక్టర్ అన్నా, మొమెంటం అన్నా అంతే. పక్కవాళ్లు తలలూపుతుంటే నేను కూడా తలూపేవాణ్ణి. ఆ కళాశాలలో కొత్తగా చేరిన ఒక జూనియర్ లెక్చరరు నా నోట్సు చూసి, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా, మర్నాడు తన గదిలోంచి తెలుగు అకాడమీ వారి పాత పాఠ్యపుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చారు. తెరిచి చూస్తే లోకస్ అంటే బిందుపథం, వెక్టర్ అంటే సదిశ, మొమెంటం అంటే ద్రవ్యవేగం. ద్రవ్యవేగం నాకు తెలుసు. దాని మీద లెక్కలు నేను పదో తరగతిలోనే చేశాను. మూడు నెలలుగా నన్ను తెలివి తక్కువవాడినని నమ్మించినది విషయం కాదు, దానికి వేసిన పేరు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఆ తెలుగు పుస్తకాన్నీ, నా ఇంగ్లీషు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్న జ్ఞాపకం నాకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అయినా భౌతికశాస్త్రం ఆ ఏడాది నాకు అందలేదు. మొదటి సంవత్సరం పరీక్షలో 60కి 19 వచ్చాయి. ఉత్తీర్ణతకు 21 కావాలి. ఆ రెండు మార్కుల గురించి మా నాన్నకు ఎలా చెప్పాలో తెలియక, ఫలితాలు వచ్చిన రోజు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా చేలో బోరు మోటారు గదిలో కూర్చున్నాను. వెతుక్కుంటూ వచ్చిన ఆయన నా పక్కన చాలాసేపు ఊరికే కూర్చుని, "మొన్న తుపానుకి నారుమడి మొత్తం పోయింది గదరా, మళ్లీ పోసుకోలేదా?" అన్నారు. ఆ తర్వాత మార్కుల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వేసవిలో సప్లిమెంటరీ రాసి పాసయ్యాను. ఒంగోలులో డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ, డీఎస్సీ పూర్తిచేసి, ఇప్పుడు గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఇదంతా నేను గొప్పగా గెలిచానని చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ లెక్చరరు గారు ఆ పుస్తకం ఇవ్వకపోయినా, మా నాన్న ఆ సాయంత్రం ఇంకొక మాట అన్నా నేను ఏమై ఉండేవాణ్ణో నాకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

మా మేనల్లుడి దగ్గరకు వస్తాను. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రాత్రి వాణ్ణి డాబా మీదకు పిలిచి, ర్యాంకు సంగతి అడగకుండా, "ఏ క్లాసులో నీకు గడియారం కదలనట్టు ఉంటుందిరా?" అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత "కెమిస్ట్రీ, మావయ్యా" అన్నాడు. మరి డౌట్స్ అవర్ ఉంటుంది కదా, అడగలేదా అన్నాను. "ఒకసారి లేచి అడిగాను. ఇది టెన్త్‌లోదే కదా, ఇది కూడా రాకుండా ఇక్కడికెలా వచ్చావన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత అడగలేదు" అన్నాడు. ఎప్పుడు జరిగిందని అడిగితే జూలైలో అన్నాడు. మేము మాట్లాడుకుంటున్నది అక్టోబరులో. అంటే మూడు నెలలపాటు రోజుకు పదమూడు, పద్నాలుగు గంటలు బల్ల మీద కూర్చుని, తెలియని విషయం మీద తెలియని విషయం పేర్చుకుంటూ వచ్చాడు. ఆదివారం ఫోనులో వాళ్లమ్మ "ఎన్నొచ్చినయ్యి నాన్నా?" అని అడిగితే అంకె చెప్పేవాడు. "బాగా చదువుకో" అంటే "సరేనమ్మా" అనేవాడు. అరవై మంది వరుసలో నిలబడే ఆ ఫోను దగ్గర అంతకన్నా మాటకు వ్యవధి కూడా ఉండదు.

వాడికి రానిది మోల్ భావన, అంటే పదార్థం బరువును బట్టి అందులోని కణాలను లెక్కగట్టే పద్ధతి. కాగితం మీద ఒక చిన్న లెక్క ఇచ్చాను. రెండు గ్రాముల హైడ్రోజన్ పదహారు గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే పద్దెనిమిది గ్రాముల నీరు వస్తుంది. నలభై అయిదు గ్రాముల నీరు కావాలంటే ఎంత హైడ్రోజన్ తీసుకోవాలి? వాడు గబగబా ఒక సూత్రం రాసి, అంకెలు ఎక్కడెక్కడో పెట్టి, తప్పు సమాధానం తెచ్చాడు. మరొకసారి చేయమంటే మరొక సూత్రం రాశాడు. అప్పుడు నాకు సందేహం వచ్చి రసాయనశాస్త్రం పక్కన పెట్టేశాను. మీ అమ్మ దోసెలకు మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు పోస్తుంది, చుట్టాలొచ్చారని ఏడున్నర గ్లాసుల బియ్యం పోస్తే పప్పు ఎంత పోయాలి అని అడిగాను. వాడు తడుముకున్నాడు. కింద వంటింట్లో ఉన్న మా చెల్లెల్ని అదే ప్రశ్న అడిగితే, వెనక్కి తిరగకుండానే "రెండున్నర" అంది. తొమ్మిదో తరగతితో చదువు ఆపిన మనిషి ఆమె.

లోపం ఎక్కడుందో ఆ రాత్రి తేలింది. వాడు ఆరో తరగతి చదవవలసిన 2020-21 విద్యాసంవత్సరంలో చాలా భాగం కరోనా వల్ల ఫోనులోనే గడిచిపోయింది. నిష్పత్తి, అనుపాతం, భిన్నాలు చెప్పే తరగతి అది. ఏడో తరగతిలోకి వచ్చాక ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. పదో తరగతిలో బిట్లు బట్టీ పట్టించి, నమూనా ప్రశ్నపత్రాలు ఇరవైసార్లు రాయించి గట్టెక్కించారు. మార్కులు బాగానే వచ్చాయి కాబట్టి అడుగున రాయి లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఇంటర్మీడియట్‌లో మోల్ దగ్గరకు వచ్చేసరికి ఆ గోడ ఒక్కసారిగా కదిలింది. వాడు దీన్ని "నాకు బుర్ర లేదు మావయ్యా" అని అర్థం చేసుకున్నాడు. పదహారేళ్ల పిల్లవాడికి తన గురించి తాను చేసుకోగలిగిన నిర్ధారణ అదొక్కటే, ఎందుకంటే ర్యాంకు షీటులో పేరు, మార్కు, ర్యాంకు అనే మూడు గడులే ఉంటాయి, ఏది రాలేదన్న గడి ఉండదు.

నా తరగతిలోనూ ఇదే చూస్తున్నాను. కిందటేడు పదో తరగతిలో ఒక అమ్మాయి త్రికోణమితి సర్వసమీకరణాలు ఎంత చెప్పినా చేయలేకపోయేది. ఒకటి ప్లస్ సైన్ తీటా, ఒకటి మైనస్ సైన్ తీటా హారాలుగా ఉన్న రెండు భిన్నాలను కూడమంటే, హారాలను హారాలతో, లవాలను లవాలతో కూడేసేది. మొదట అది త్రికోణమితిలో తప్పనుకుని అక్కడే రెండు వారాలు పోగొట్టాను, ఆ తప్పు నాది. చివరకు 1/2, 1/3 కలిపితే ఎంత అని అడిగాను. 2/5 అంది. అరరొట్టెకు మరి కాస్త రొట్టె కలిపితే అరరొట్టె కన్నా తగ్గుతుందా అని అడిగినప్పుడు ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి చూసిన చూపు ఇంకా నా కళ్ల ముందు ఉంది. ఆ పిల్లకు కావలసింది పదో తరగతి గైడు కాదు, ఆరో తరగతి పుస్తకం. మధ్యాహ్న భోజనం తర్వాత రోజూ ఇరవై నిమిషాల చొప్పున మూడు వారాలు కూర్చున్నాం. త్రికోణమితి ఆ తర్వాత నాలుగు రోజుల్లో వచ్చింది. ఇది ఒకరిద్దరి సమస్య కూడా కాదు. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2024లో చేసినప్పుడు, గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సుమారు 31 శాతమే. ఆ మిగతా పిల్లలే మరో అయిదేళ్లకు పదో తరగతి గదుల్లో మౌనంగా కూర్చుంటారు, మనం వాళ్లకు శ్రద్ధ లేదంటాం.

ర్యాంకు గురించి గణితం చెప్పేవాడిగా ఒక మాట చెప్పాలి. అరవై మంది ఉన్న సెక్షన్‌లో అందరి ర్యాంకుల మొత్తం 1830. అందరూ కష్టపడి కిందటి వారంకన్నా రెట్టింపు నేర్చుకున్నా ఆ మొత్తం 1830 దగ్గరే ఉంటుంది. ఒకడు పది స్థానాలు పైకి వెళితే మిగతావాళ్లందరూ కలిసి ఆ పది స్థానాలు కిందకు దిగవలసిందే. నేర్చుకోవడానికి అలాంటి కట్టడి లేదు, ఒకరు నేర్చుకుంటే మరొకరి దగ్గర తగ్గేది ఏమీ ఉండదు. సీట్లు పరిమితమైన చోట, అంటే ప్రవేశ పరీక్షల్లో, ర్యాంకు తప్పదు. జేఈఈ మెయిన్ రాసేవారు ఏటా సుమారు 14 లక్షల మంది. వారిలో అడ్వాన్స్‌డ్‌కు అర్హత పొందేది రెండున్నర లక్షల మంది. ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు 18 వేల చిల్లర. అంటే రాసిన వందమందికి ఒకటిన్నర సీటు కూడా లేదు. ఈ లెక్క కళాశాలలో చేర్చుకునే రోజున తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. వారం వారం ఇరవై నాలుగు నెలలపాటు ఆ వడపోతనే తరగతి గదిలో అమలు జరిపితే, మిగిలిన తొంభై ఎనిమిది మంది ప్రతి సోమవారం ఓడిపోతూనే ఉంటారు.

వారాంతపు పరీక్ష వద్దని నేను అనడం లేదు. నిజానికి చదివినది మనసులో నిలవడానికి పరీక్షను మించిన సాధనం తక్కువ. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో కొలిచి చూపించాడు. పుస్తకం మళ్లీ మళ్లీ చదవడంకన్నా, మూసేసి జ్ఞాపకం మీద రాయడానికి ప్రయత్నించినప్పుడే విషయం గట్టిపడుతుందని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని తప్పు రాసిన ప్రశ్నే విద్యార్థికి అన్నిటికన్నా విలువైనది, దాని దగ్గర ఆగి ఎందుకు తప్పానో చూసుకుంటే ఆ వారం చదువు ఫలించినట్టే. కానీ మన పిల్లలకు జవాబు పత్రం చేతికి వచ్చేసరికి ర్యాంకు షీటు గోడ మీద ఉంటుంది, తర్వాతి పరీక్షకు సిలబస్ నోటీసు బోర్డులో ఉంటుంది, తప్పు దగ్గర ఆగే వేళ ఎక్కడా ఉండదు. దానికి తోడు నిద్ర. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతుంటే, రాత్రి పదకొండుకు దీపం ఆర్పి తెల్లవారుజామున ఐదుకు గంట కొట్టే చోట మా వాడు ఆరు గంటలు పడుకుంటున్నాడు. పగలు చదివినది మెదడులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. నిద్ర కోసి చదువుకు పోస్తే రెండూ పోతాయి.

ఇవన్నీ కొత్తగా తెలిసిన సంగతులు కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ ఈ కళాశాలల తీరును పరిశీలించాయి. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు ఇస్తూ, పాఠశాలలు, కళాశాలలు, శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు అన్నింటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు విధించింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒకరు ఉండాలంది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలంది. ఆ వాక్యం చదివిన రోజున నాకు ట్రంకుపెట్టె ఎత్తుకుని మెట్లు దిగిన సాయంత్రం గుర్తుకు వచ్చింది. పిల్లలను చేర్చే ముందు ఫీజు రాయితీ గురించి గంటసేపు మాట్లాడే మనం, మీ కౌన్సిలర్ ఎవరు, ఒకసారి కలవవచ్చా, సెక్షన్లు దేన్నిబట్టి వేస్తారు అని అడగడం మొదలుపెడితే, జవాబు ఏమి వచ్చినా అడిగారన్న సంగతి యాజమాన్యానికి గుర్తుంటుంది.

ఫలితాల రోజు గురించి కూడా రాయకుండా ఉండలేను. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వచ్చిందని చూపిన ఒక విద్యార్థినికి తిరిగి చూస్తే 99 మార్కులున్నాయి. ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వం, తప్పినట్టు చూపిన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పత్రాలను ఉచితంగా పునఃపరిశీలన చేయించింది. మార్కుల పట్టీ మనుషులు దిద్ది, మనుషులు నమోదు చేసిన కాగితం. అది తప్పు కావచ్చు. తప్పు కాకపోయినా దాని వెనుక రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, వేసవిలోనే సప్లిమెంటరీ ఉంది. మొదటి సంవత్సరంలో ఒక సబ్జెక్టు పోయినా రెండో సంవత్సరం తరగతులకు వెళ్లవచ్చు, ఏడాది పోదు. ఇవి పెద్దవాళ్లకు తెలిసిన సంగతులే కాబట్టి పిల్లలకు కూడా తెలుసుననుకుంటాం. వాళ్లకు తెలియదు. నాకు ఆ రోజు మోటారు గదిలో కూర్చున్నప్పుడు సప్లిమెంటరీ అనే మాట తెలుసు గానీ, అది నాలాంటివాడి కోసమే పెట్టారని తోచలేదు. ఫలితాలకు వారం ముందే, అన్నం తినేటప్పుడు మామూలుగా, ఒకవేళ పోతే ఏమి చేస్తామో చెప్పుకోవాలి. ఫలితాల రోజున ఇంట్లో ఎవరో ఒకరు పనికి సెలవు పెట్టి పిల్లల పక్కన ఉండాలి.

దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13 వేలకు పైగా అని జాతీయ నేర గణాంక సంస్థ చెబుతోంది. అన్నిటికీ చదువే కారణమనడం సరికాదు. ప్రతి మరణం వెనుకా అనేకం కలిసి ఉంటాయి. అయితే ఇష్టమైన ఆట, స్నేహితులు, తిండి మీద ఆసక్తి పోయినప్పుడు, వస్తువులు తీసి ఇతరులకు ఇచ్చేస్తున్నప్పుడు, నేను లేకపోతే మీకు ఈ ఖర్చు ఉండేది కాదు కదా వంటి మాటలు వినపడినప్పుడు, దాన్ని బద్ధకమనీ నటన అనీ కొట్టివేయకూడదు. నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడతాం, అడిగితే ఆ ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందనుకుంటాం. అలా జరగదని మానసిక వైద్యులు స్పష్టంగా చెబుతారు. అడిగినప్పుడు పిల్లలకు బరువు దించుకునే చోటు దొరుకుతుంది. అలాంటి సమయంలో వాళ్లను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును నేను మా పదో తరగతి గదిలో బోర్డు పక్కన పెద్ద అక్షరాలతో రాయించాను. ఎవరికైనా కావలసి వస్తే మాష్టారి అనుమతి అడగనక్కర లేకుండా కనిపించాలని అక్కడ పెట్టాను.

మా చెల్లెలితో మాట్లాడడమే అన్నిటికన్నా కష్టమైంది. వాణ్ణి అక్కణ్నుంచి తీసుకువచ్చేద్దామా అని నేను అడగగానే ఆమె ఏడ్చింది. "మూడు లక్షలు కట్టినాం అన్నయ్యా. సగం అప్పు. వాళ్ల నాన్న రాత్రి డ్యూటీలు చేస్తన్నాడు. వాడు బాగుపడాలనే గదా" అంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఊళ్లో కౌలు గిట్టుబాటు కాకుండా పోతున్నప్పుడు, కొడుకు తనలాంటి జీవితం గడపకూడదని తల్లి అనుకోవడంలో తప్పేముంది? ఆ కళాశాల ప్రకటనలు అమ్మేది ఆ భయాన్నే. అందుకని ఆ రాత్రి డబ్బు సంగతి తేల్చకుండా, ఆదివారం ఫోనులో ఏమి అడగాలన్న దాని మీదే మాట్లాడుకున్నాం. మొదట తిన్నావా అని, తర్వాత ఈ వారం ఏది అర్థం కాలేదు అని అడగమన్నాను. "నాకేం తెలుస్తుంది, వాడు చెప్పినా?" అంది. తెలియనక్కర లేదు, వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకుని నాకు పంపితే చాలన్నాను.

వాణ్ణి మరో పది రోజులు ఇంట్లోనే ఉంచాం. కళాశాలకు నేనే వెళ్లి మాట్లాడాను. రసాయనశాస్త్రం చెప్పే ఒక లెక్చరరు విషయం విని, వాణ్ణి తరగతిలో లేపకుండా సాయంత్రం టీ విరామంలో తన గదికి రమ్మన్నారు. పని ఒత్తిడిలో ఆయన కూడా నలుగుతున్నవాడేనని మాటల్లో తెలిసింది. ఆ పది రోజుల్లో మేము ఇంటర్మీడియట్ పుస్తకం తెరవలేదు. మా బడి నుంచి ఆరో తరగతి, ఏడో తరగతి గణితం పుస్తకాలు తెచ్చాను. మొదటి రోజు వాడు సిగ్గుపడి అట్ట కనబడకుండా వార్తాపత్రిక కాగితం చుట్టుకున్నాడు. ఐదో రోజుకు ఆ కాగితం తీసేశాడు. తొమ్మిదో రోజు, నేను అడగకుండానే, నీటి లెక్క మళ్లీ వేసి ఐదు గ్రాములని చూపించాడు. ఎలా వచ్చిందన్నాను. "పద్దెనిమిదికి నలభై అయిదు రెండున్నర రెట్లు, మావయ్యా. దోసెల పిండే" అన్నాడు.

వాడి ర్యాంకు పెద్దగా మారలేదు. కడుపునొప్పి మాత్రం నవంబరు తర్వాత మళ్లీ రాలేదు. వచ్చే ఏడాది అక్కడే ఉంచాలా, అద్దంకిలో ఏదైనా కళాశాలకు మార్చి ఇంటి నుంచి పంపాలా అన్నది వాడు మొదటి సంవత్సరం పరీక్షలు రాశాక వాణ్ణే అడుగుదామనుకున్నాం.

మా చెల్లెలు ఆదివారం ఫోను వచ్చేసరికి పాల లెక్కలు రాసుకునే పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చుంటోంది. ఒక పక్క లీటర్లు, వెన్న శాతం, డబ్బులు ఉంటాయి. రెండో పక్క వాడు చెప్పినవి తనకు వినబడినట్టు రాస్తోంది. మొన్నటి ఆదివారం ఆ పేజీని ఫోటో తీసి పంపింది. "మోలు బిన్నం వచ్చింది అంట. లిమిటింగు అనేది రాలేదు అంట, ఏది ముందు అయిపోతే దాన్నిబట్టి చూడాలి అంట, అది ఎట్టా తెలుస్తుంది అని అడగమన్నాడు. గొంతు బాగుంది. అన్నం తిన్నాడు."